టేపక్క తగ్గించి చెప్పిన అంగుళం

మా కుట్టుగదిలో అద్దం లేదు. ఒకప్పుడు ఉండేది. అది పగిలాక టేపక్క మళ్ళీ కొననివ్వలేదు. "అద్దం ముందు నిలబడిన ఆడది ముందు తన పొట్ట చూసుకుంటుంది, ఆ తర్వాతే నేను కుట్టిన జాకెట్టు చూస్తుంది. ఆ దిగులు నా గదిలోకి రానివ్వను" అంది.

ఆవిడకి ఆ పేరెలా వచ్చిందో చెప్పనక్కర్లేదు. కొలత టేపు ఆవిడ మెడలోంచి దిగదు. అన్నానికి కూర్చున్నా దిగదు, బజారుకెళ్ళినా దిగదు. ఒకసారి చుట్టాల పెళ్ళికి కూడా దాంతోనే వెళ్ళిపోయి ఫొటోలన్నిట్లోనూ పచ్చటి దండ వేసుకున్నట్టు పడింది. వాళ్ళాయన మోటార్లకి తీగ చుట్టే మెకానిక్కు, సరదా మనిషి. "నన్ను ఇంట్లో మర్చిపోయి వస్తుంది గానీ టేపుని మర్చిపోదండీ" అని అందరికీ ఆ ఫొటోలు చూపిస్తాడు.

మా గది సైకిళ్ళ షాపు మీద ఉంటుంది. ఇరుకు మెట్లు ఎక్కి రావాలి. రెండు మిషన్లు, బట్ట కత్తిరించే పొడుగాటి బల్ల, ఇస్త్రీ పెట్టె, వీధివైపు ఒక కిటికీ. బడిపిల్లల యూనిఫారాలు, నర్సుల కోట్లు, ఆడవాళ్ళ జాకెట్లు, స్కర్టులు కుడతాం. కత్తిరించడం, కొలవడం టేపక్క పని. కాజాలు, గుండీలు నావి. పొద్దున్నే మిషను మీద చెయ్యి వేసి దేవుణ్ణి తలుచుకుంటాం, ఆ తర్వాత సాయంత్రం దాకా తలెత్తం. కిందనుంచి సైకిలు షాపాయన రోజూ ఒక బిందె మంచినీళ్ళు మెట్ల మీద పెట్టి వెళ్ళిపోతాడు. అడిగి పెట్టించుకున్నవి కావు. అలాంటి మనుషుల మధ్య బతకడం దేవుడిచ్చిన వరం అనుకుంటాను.

టేపక్కకి ఒక అలవాటు ఉంది. కొలతకి వచ్చిన ఆడవాళ్ళకి నడుము ఎంతో పైకి చెప్పేటప్పుడు ఒక అంగుళం తగ్గించి చెబుతుంది. ముప్పై నాలుగు వస్తే "ముప్పై మూడు" అంటుంది. బట్ట మీద సుద్దముక్కతో గీసేది మాత్రం ముప్పై నాలుగే. బట్ట చక్కగా సరిపోతుంది, కట్టుకున్న మనిషి నవ్వుకుంటూ మెట్లు దిగుతుంది. ఎప్పుడో ఒక పంతులమ్మ తన నడుము కొలత విని ఈ గదిలోనే కుర్చీలో కూలబడి ఏడ్చిందట. ఆ రోజు నుంచీ ఇంతే. "అంగుళంతో పోయేదేముందే, ఒక మనిషి కాస్త సంతోషంగా ఇంటికెళితే?" అనేది నాతో. నాకూ అది పుణ్యంలాగే కనిపించేది.

ఆ అంగుళమే మా మెడకి చుట్టుకుంది.

మా వీధి చివర ఆరోగ్య కేంద్రం ఉంది. అక్కడి నర్సమ్మ ఒకనాడు మెట్లెక్కి వచ్చి, అలుపు తీర్చుకుని, బల్ల అంచున కూర్చుంది.

"టేపక్కా, ఒక సాయం చెయ్యాలి. వీధిలో ముప్పై ఏళ్ళు దాటిన ఆడవాళ్ళందరికీ నడుము కొలవమన్నారు. పొట్ట దగ్గర కొవ్వు ఎంతుందో చూడ్డానికి. ఎనభై సెంటీమీటర్లు దాటినవాళ్ళకి శుక్రవారం వ్యాను వస్తుంది, రక్తం తీసి చక్కెర, కొవ్వు అన్నీ చూస్తారు. మా కేంద్రంలో ఉన్న అసిస్టెంటు మగాడు. అతను టేపు పట్టుకుంటే మనవాళ్ళు ఊపిరి బిగబట్టి నిలబడతారు, లేకపోతే అసలు రారు. మీ చేతికైతే సిగ్గుపడరు."

"దానికేం భాగ్యం! పంపించు నర్సమ్మా, నేను కొలుస్తా."

"కొలిచేచోటు చూపిస్తాను ఉండండి. ఆఖరి పక్కటెముక ఇక్కడ, తుంటి ఎముక ఇక్కడ. ఈ రెండిటికీ మధ్యలో..."

టేపక్క పకపకా నవ్వింది. "నడుమెక్కడుంటుందో నాకు చెప్తావా తల్లీ? నీకు పాలపళ్ళు ఊడకముందు నుంచీ నడుములు కొలుస్తున్నా."

నర్సమ్మ కూడా నవ్వేసింది. ఆమె తప్పేమీ లేదు. ఇరవై వీధుల పని నెత్తిన వేసుకుని తిరిగే పిల్ల.

కొలిచే రోజున మా గది తిరునాళ్ళలా ఉంది. టేపక్క లోపల తలుపు చాటున కొలిచి కేక వేసేది. నర్సమ్మ మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని, రక్తపోటు చూసి, కేక విని రాసుకునేది. బాగా లావుగా ఉన్నవాళ్ళు ఎలాగూ ఎనభై గీత దాటారు. గీతకి అటూ ఇటూ ఉన్నవాళ్ళు మాత్రం ఒక్కొక్కరే నవ్వుతూ బయటికొచ్చారు. మెట్ల మీద ఒకావిడ "చూశావా, నీకంటే నేనే నయం" అంటే, ఇంకొకావిడ "నీకు పైన తగ్గింది, కింద పెరిగిందిలే" అని వాత పెట్టింది. ఒకటే నవ్వులు.

మధ్యాహ్నం టేపక్క తోడికోడలు వచ్చింది. చేతులు, కాళ్ళు సన్నగా రివటల్లా ఉంటాయి కనుక ఇంట్లోనూ వీధిలోనూ ఆమెని 'పుల్ల' అనే పిలుస్తారు. ఇనుప సామాన్ల కొట్లో బిల్లుల కౌంటర్లో కూర్చుంటుంది. పొద్దున కూర్చుంటే సాయంత్రమే లేవడం. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే వంటింట్లో, ఒకే అత్తగారి కింద చాలా ఏళ్ళుగా ఉన్నారు. తోడికోడళ్ళంటే వేరేగా చెప్పుకుంటారు గానీ, వీళ్ళు ఒకరి జడ ఒకరు వేసుకుంటారు.

"నాకెందుకక్కా కొలత? నన్ను చూస్తే తెలీట్లేదూ?" అంది పుల్ల.

"అందరికీ కొలవాలన్నారు. చేతులెత్తు."

ఎత్తింది. టేపక్క చుట్టింది. "ముప్పై ఒకటి!" అని కేక వేసింది. ఎనభై సెంటీమీటర్లంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు. పుల్ల గీత లోపలే ఉంది. "చెప్పానా" అని భుజాలెగరేస్తూ కొట్టుకి వెళ్ళిపోయింది.

సోమవారం నర్సమ్మ మళ్ళీ వచ్చింది, ఈసారి తన పనిమీద. కొత్త కోటు కుట్టించుకోవాలి. టేపక్క టేపు తీసి చుట్టి, అలవాటు ప్రకారం "ముప్పై మూడు" అంది.

నర్సమ్మ సంతోషపడలేదు. "కాదండీ. పొద్దున నేనే కొలుచుకున్నాను. ముప్పై అయిదు."

"నీ టేపు కుదించుకుపోయి ఉంటుంది."

"మీ టేపుతోనే మళ్ళీ చూడండి."

టేపక్క మళ్ళీ చుట్టింది. ఈసారి టేపు మీద ఏముందో పైకి చదవాల్సి వచ్చింది. "ముప్పై నాలుగు."

నర్సమ్మ టేపుని తన చేత్తోనే పట్టుకుని కాస్త కిందికి జరిపింది. పక్కటెముక కింద ఒక వేలు, తుంటి ఎముక మీద ఒక వేలు పెట్టి, ఆ మధ్యకి. "మామూలుగా ఊపిరి వదిలాక చూడాలి. ఇప్పుడు చదవండి."

ముప్పై అయిదు.

నేను కాజా సగంలో సూది ఆపేశాను. టేపక్క ముఖం చూడలేకపోయాను. ఆవిడకి అర్థమైంది. మేం కుట్టేవాళ్ళం నడుమంటే సన్నగా ఉన్నచోటే చూస్తాం. బట్ట బిగుతుగా కూర్చునేది అక్కడే. అక్కడ ఒక అంగుళం పోయింది. నోటితో తగ్గించి చెప్పింది ఇంకో అంగుళం.

"వాళ్ళందరికీ ఇలాగే చెప్పారా?" అంది నర్సమ్మ. గొంతులో కోపం లేదు, భయం ఉంది.

"అందరికీ. అలవాటమ్మా. ఆలోచన కూడా రాలేదు." టేపక్క బల్ల మీద చెయ్యి ఆనించి నిలబడింది. "ఒక్క మాట చెప్పు. ఆ రెండంగుళాలు అంత ముఖ్యమా? లావుగా ఉన్నవాళ్ళ పేర్లు ఎలాగూ వచ్చాయి కదా."

"లావు కాదండీ చూసేది" అని నర్సమ్మ ఓపిగ్గా చెప్పింది. "తొడల మీద, పిరుదుల మీద చేరే కొవ్వు పెద్దగా గొడవ చెయ్యదు. పొట్ట లోపల, కాలేయం చుట్టూ చేరేది వేరు. అది ఊరికే కూర్చోదు, ఒంట్లో చక్కెర లెక్కని పాడు చేస్తుంది, రక్తపోటు పెంచుతుంది, గుండె దాకా పోతుంది. బరువు తూస్తే కనిపించదు. సన్నటి చేతులున్న మనిషికి కూడా లోపల ఉంటుంది. నెలసరి ఆగే వయసొచ్చాక ఆడవాళ్ళకి కొవ్వు పొట్ట వైపుకే చేరుతుంది. అందుకే టేపు. మెడ వెనక చర్మం నల్లబడి, మందంగా మఖమల్ గుడ్డలా అయినా మేం వదలం, రక్తం చూస్తాం. ఒంట్లో చక్కెర లెక్క తప్పుతోందనడానికి అదొక గుర్తు."

టేపక్క ఇక వినలేదు. మెట్లు దిగి వెళ్ళిపోయింది. పట్టపగలు గది వదిలి వెళ్ళడం నేనెప్పుడూ చూడలేదు.

పుల్ల మెడ మీది నలుపు మాకందరికీ తెలుసు. ఆమె జాకెట్టుకి కాలరు పెట్టేటప్పుడల్లా చూస్తున్నాం. ఎండకి కమిలిందనుకున్నాం. నీడన కూర్చుని బిల్లులు రాసే మనిషి మెడ ఎండకి ఎలా కములుతుందని ఎవరికీ తోచలేదు.

ఆ సాయంత్రం వాళ్ళింట్లో జరిగింది టేపక్క తర్వాత నాకు చెప్పింది. పుల్ల కొట్టునుంచి వచ్చి, పెరట్లో నీళ్ళ తొట్టి దగ్గర వంగి, గరుకు పీచుతో మెడ తోముకుంటోందట. ఎర్రగా కందిపోయేదాకా. రోజూ అంతేనట. టేపక్క వెళ్ళి చేతిలోంచి ఆ పీచు లాగేసింది.

"అది మురికి కాదే. తోమితే పోదు."

"మరేంటి?"

టేపక్క మొత్తం చెప్పింది. అంగుళం సంగతి, చోటు సంగతి, మెడ సంగతి. పుల్ల తొట్టి గట్టు మీద కూర్చుని విన్నది. విన్నాక మెల్లగా అడిగింది.

"అంటే ఇన్నేళ్ళూ నాకు అబద్ధం చెప్పారా అక్కా? నా నడుము, నాతోనే?"

"నీ మనసు నొప్పించకూడదని..."

"అప్పుడు అబద్ధం చెప్పిన నోటితో ఇప్పుడు చెప్పేది నిజమని నేనెలా నమ్మాలి?"

ఈలోగా మరిది, అంటే పుల్ల మొగుడు, బయటికొచ్చాడు. "వదినా, బాగున్న మనిషిని పట్టుకుని రోగం అంటావేంటి? దాన్ని చూస్తే గాలికి ఎగిరిపోయేలా ఉంది. దానికి పొట్టేంటి, కొవ్వేంటి? వ్యాను ముందు నిలబెడితే వీధంతా ఏమనుకుంటుంది?"

"వీధి ఏమనుకున్నా రక్తం వీధిది కాదు మరిదీ. అది దీని ఒంట్లోది" అంది టేపక్క.

పుల్ల మాత్రం లోపలికెళ్ళి తలుపేసుకుంది. తర్వాత టేపక్కతో ఇంకేం మాట్లాడలేదు. ఆ ఇంట్లో ఒకరి జడ ఒకరు వేసుకోని రోజు అదే మొదటిదట.

మర్నాడు టేపక్క నన్ను వెంటబెట్టుకుని ఆరోగ్య కేంద్రానికి వెళ్ళింది. అక్కడి అధికారి చెడ్డవాడేం కాదు. బల్ల నిండా కాగితాలు, కళ్ళకింద నలుపు. మమ్మల్ని కూర్చోమన్నాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. విషయం విన్నాక మాత్రం తల పట్టుకున్నాడు.

"అమ్మా, పేర్లు పైకి పంపేశాను. వ్యానుకి రక్తం పట్టే గొట్టాలు ఎన్ని, సూదులు ఎన్ని కావాలో చెప్పేశాను. మీ వీధి ఆరోగ్యంగా ఉందని పైవాళ్ళు మెచ్చుకున్నారు కూడా."

"ఆ మెప్పు తప్పుడుది సార్. నా నోటి నుంచి వచ్చింది."

"వచ్చే ఏడాది మళ్ళీ వ్యాను వస్తుంది. అప్పుడు సరిగ్గా కొలుద్దాం."

"ఏడాదా?" టేపక్క కుర్చీలోంచి లేచింది. "తప్పు చేసింది నేను. ఏడాది ఆగాల్సింది వాళ్ళా? ఇదెక్కడి న్యాయం?"

"మిగిలితే చేయిస్తానమ్మా..."

"మిగిలినవి తినడమే మా పని సార్, పుట్టినప్పట్నుంచీ. ఇది కూడా మిగిలితేనేనా?" ఆవిడ గొంతు పెరిగింది. బయట వరండాలో బల్ల మీద కూర్చున్న ఆడవాళ్ళు తలలు తిప్పి చూశారు. "మీరు గొట్టాలు తెప్పించండి. తెప్పించకపోతే శుక్రవారం నేను వీధి ఆడవాళ్ళందర్నీ తీసుకొచ్చి ఆ వ్యాను ముందు కూర్చోబెడతా. ఎవరినీ తిట్టం, అడ్డుపడం. ఊరికే కూర్చుంటాం. సాయంత్రం దాకా కూర్చుంటాం. మాకు కూర్చోవడం బాగా అలవాటు, మా పొట్టలు వచ్చిందే అందువల్ల."

అధికారికి నవ్వాలో కసురుకోవాలో తెలియలేదు. చివరికి నవ్వే వచ్చింది. తలుపు దగ్గర నిలబడ్డ నర్సమ్మ, "సార్, మళ్ళీ నేనే కొలుస్తాను. గురువారం నా సెలవు రోజు. ఆ రోజు కొలుస్తాను" అంది. తన సెలవు రోజు వదులుకోవడం అంత తేలిగ్గా చెప్పేసింది. ఆ పిల్ల కోసం ఇప్పటికీ రోజూ దణ్ణం పెట్టుకుంటాను. అధికారి ఫోను తీసి ఎవరికో చెయ్యడం మొదలుపెట్టాడు. మాకు వెళ్ళమని చెయ్యి ఊపాడు. కొట్టిపారేసే ఊపు కాదు, నేను చూసుకుంటాలే అనే ఊపు.

అధికారిని ఒప్పించడం తేలికే. అసలు కష్టం వీధి కుళాయి దగ్గర.

నీళ్ళొచ్చే వేళకి టేపక్క అక్కడికి వెళ్ళి బిందెల మధ్య నిలబడింది. చుట్టూ తిప్పి చెప్పడం ఆవిడకి చేతకాదు. "మీ అందరికీ నడుము కొలత ఒక అంగుళం తగ్గించి చెప్పాను. మొన్న ఒక్కరోజే కాదు, మొదట్నుంచీ. గురువారం నర్సమ్మ మళ్ళీ కొలుస్తుంది. రండి."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఒకేసారి అందరికీ అర్థమైంది.

"ఏంటీ? నేను ముప్పై రెండు కాదా? మా ఆయనతో పందెం కాసి మరీ గెలిచాను కదే!"

"మా చెల్లెలి ముందు ఎంత గొప్పలు పోయాను, ఇప్పుడు దానికేం చెప్పను?"

"నీ దగ్గర కుట్టించుకోవడం మానేస్తా. ఇంకో కుట్టుదాన్ని చూసుకుంటా."

"చూసుకో. ఆవిడ బట్ట పాడుచేస్తే తెచ్చి నా మీద పడెయ్, సరిచేస్తా" అంది టేపక్క. "కానీ గురువారం రా. నా మీద కోపంతో నీ ఒంటిని శిక్షించుకోకు."

ఒక పెద్దావిడ బిందె కింద పెట్టింది. "అయినా పిల్లల్ని కన్న కడుపు. పొట్ట లేకుండా ఎలా ఉంటుందే? దానికీ కొలతలా? ఇదేమన్నా తప్పా?"

"తప్పు కాదు అత్తా. పొట్ట ఉండటం తప్పని ఎవడన్నా అంటే నేనే వాణ్ణి కడిగేస్తా. నీ పొట్ట నీ ఇష్టం. కానీ దాని లోపల ఏం జరుగుతోందో నీకు తెలియాలా వద్దా? మన ఒంటి సంగతి మనకి తెలియకూడదా? నువ్వు సిగ్గుపడతావని నేను దాచాను. దాచడం నా తప్పు. ఇక దాచను, మీరూ దాచుకోవద్దు."

బిందె నిండి పొర్లుతున్నా ఎవరూ కుళాయి కట్టెయ్యలేదు. పుల్ల వెనక వరసలో నిలబడి ఉందని నేను చూశాను. టేపక్క చూసిందో లేదో తెలీదు.

గురువారం వచ్చింది. నర్సమ్మ మా గదిలో పొడుగాటి బల్ల పక్కన దుప్పటి కట్టి తెర చేసింది. ఆడవాళ్ళు వచ్చారు. అందరూ కాదు, చాలామందే. మెట్ల మీద గొణుక్కుంటూ, ఒకరి వెనక ఒకరు దాక్కుంటూ. ఈసారి నవ్వులు లేవు. ముందు ఎవరు వెళ్ళాలో తేలక నిలబడిపోయారు.

టేపక్క మెడలోంచి టేపు తీసి నర్సమ్మ చేతిలో పెట్టింది. తెర వెనక్కి వెళ్ళలేదు. గది మధ్యలో, కిటికీ వెలుతురులో నిలబడి జాకెట్టు కాస్త పైకెత్తింది. పాదాలు కొంచెం ఎడంగా పెట్టింది.

"తెర ఉంది కదండీ" అంది నర్సమ్మ.

"మిగతా వాళ్ళకి తెర. నాది అందరూ వినాలి. గట్టిగా చదువు."

నర్సమ్మ పక్కటెముక వెతికింది, తుంటి ఎముక వెతికింది, మధ్యలో టేపు చుట్టింది, నేలకి సమంగా ఉందో లేదో వెనకనుంచి వంగి చూసింది. "ఊపిరి వదలండి. బిగబట్టొద్దు."

టేపక్క వదిలింది. ఇన్నేళ్ళలో ఆవిడ పొట్టని నేను సరిగ్గా చూసింది అప్పుడే. ముగ్గురు పిల్లలు పెరిగిన చోటు, మడతలు పడి, మెత్తగా, ఎవరికీ తలవంచని పొట్ట.

"ముప్పై ఏడు" అంది నర్సమ్మ.

"ఇంకా గట్టిగా."

"ముప్పై ఏడు అంగుళాలు! తొంభై నాలుగు సెంటీమీటర్లు!"

కింద సైకిలు షాపులో సుత్తి చప్పుడు ఆగింది. మెట్ల మీద ఎవరో కిసుక్కుమన్నారు. టేపక్క అటు తిరిగింది. "నవ్వండి. తనివితీరా నవ్వండి. నవ్వడం అయ్యాక వరసలోకి రండి. ఈ నంబరు విని నేను చావలేదు, మీరూ చావరు. వినకపోతేనే భయం."

అప్పుడు మెట్ల మీద జనాన్ని తోసుకుంటూ ఒకరు పైకి వచ్చారు. పుల్ల. ఒక పూట సెలవడిగి కొట్టునుంచి వచ్చింది. ముఖం ఇంకా బిగుసుకునే ఉంది. టేపక్క వైపు చూడకుండా నర్సమ్మ ముందు నిలబడి చేతులెత్తింది.

"తెర వెనక్కి రండి" అంది నర్సమ్మ.

"వద్దు. అక్కకి లేని తెర నాకెందుకు? చదవండి."

నర్సమ్మ కొలిచింది. "ముప్పై మూడు."

రివటలా ఉండే చేతులు, గాలికి ఎగిరిపోతుందనిపించే మనిషి. ముప్పై మూడు. పుల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గానీ కింద పడనివ్వలేదు. నర్సమ్మ ఆమె జుట్టు పక్కకి తీసి మెడ చూసింది. ఏమీ అనకుండా, పిల్లల మెడ నిమిరినట్టు అరచేత్తో ఒక్కసారి నిమిరింది.

"దాహం బాగా వేస్తోందా?"

"వేస్తోంది. చాలా నెలలుగా. సీటు మీదే నిద్ర ముంచుకొస్తోంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. సన్నగా ఉన్నదానికి ఏం రోగమని నవ్వుతారనుకున్నా."

టేపక్క అడుగు ముందుకేసింది, మళ్ళీ ఆగింది. పుల్లే చెయ్యి చాచి ఆవిడ చెయ్యి పట్టుకుంది. పట్టుకుని, "ఇంకెప్పుడూ నాకు తగ్గించి చెప్పకండి" అంది. టేపక్క తల ఊపింది. ఆ తర్వాత తెర వెనక్కి వెళ్ళడానికి ఆడవాళ్ళు తోసుకున్నారు. నా వంతు కూడా వచ్చింది. నేనూ గీత దాటాను. దేవుడి దయ, దాటానని తెలిసింది.

శుక్రవారం వ్యాను వచ్చింది, గొట్టాలు చాలినన్ని వచ్చాయి. అధికారి గేటు దగ్గర నిలబడి మమ్మల్ని చూసి, "మీ వీధికి వచ్చిన మంచి పేరు కాస్తా పోయిందమ్మా" అన్నాడు. "పోనివ్వండి సార్, పేరు పోతే పోయింది, మనుషులున్నారు" అంది టేపక్క. ఆయన తనే కుర్చీలు మోసి నీడలో వేశాడు.

ఫలితాలు ఆ తర్వాతి వారం వచ్చాయి. టేపక్కకి చక్కెర ఫర్వాలేదు, రక్తపోటు ఎక్కువ. పుల్లకి చక్కెర గీత దాటింది, రక్తంలో కొవ్వు కూడా ఎక్కువే ఉంది. ఆరోగ్య కేంద్రం డాక్టరమ్మ ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుంది. "ఇంకా ముదరలేదు. కళ్ళు, మూత్రపిండాలు బాగానే ఉన్నాయి. మాత్రలు రాస్తాను. కానీ మాత్రలతోనే అయిపోదు. కౌంటర్లో గంటకోసారి లేచి తిరగాలి. రోజూ నడవాలి. ఇంట్లో భోజనం ఎలా చేస్తారు?"

పుల్ల కాస్త ఆలోచించి చెప్పింది. "అందరూ తిన్నాక తింటానండీ. గిన్నెల్లో మిగిలిందంతా నేనే తింటాను. పారెయ్యడం అత్తయ్యకి ఇష్టం ఉండదు."

"ఆకలేసి తింటారా?"

ఆ ప్రశ్న ఆమెని ఎవరూ అంతవరకు అడగలేదట. టేపక్క తర్వాత నాకు చెప్పింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర నేను కూడా ఉన్నాను, సానపట్టించిన కత్తెర ఇవ్వడానికి వెళ్తే టేపక్క వదల్లేదు. మగవాళ్ళు తిని లేచారు. మామూలుగా అయితే అప్పుడు కోడళ్ళిద్దరూ కూర్చుంటారు. ఆ రోజు పుల్ల మగవాళ్ళతోపాటే కూర్చుని, తనకి కావలసినంత పెట్టుకుని, తిని, చెయ్యి కడుక్కుంది. మరిది వింతగా చూశాడు గానీ ఏమీ అనలేదు. డాక్టరు కాగితం చదివాక అతని నోరు కాస్త మెత్తబడింది.

అత్తగారు గిన్నెలు సర్దుతూ మూత తీసింది. అడుగున అన్నం, పక్కన కూర, కాస్త పప్పు. అలవాటుగా గరిటెతో అంతా ఒక పళ్ళెంలోకి తోసి పుల్ల ముందు పెట్టింది. "ఇది కానిచ్చెయ్యవే. పారేస్తే పాపం."

"నేను తినను అత్తయ్యా."

"కొంచెమే కదా."

"రోజూ కొంచెమే అత్తయ్యా. ఆ కొంచెమంతా ఇక్కడుంది." పుల్ల తన పొట్ట మీద చెయ్యి వేసి చూపించింది. గొంతు పెంచలేదు. "అన్నం పారేస్తే పాపమే. కాదనను. కానీ నా ఒంట్లో పారేసినా పాపమే కదా? నేను చెత్తబుట్టని కాదు. తినను."

నేను తల తిప్పుకుని గోడవైపు చూశాను. ఆ ఇంట్లో అత్తగారికి ఎదురు చెప్పడం ఎప్పుడూ జరగలేదు.

పెద్దావిడ పళ్ళెం వైపు చూసింది, కోడలి వైపు చూసింది. కోపం రావాలి, వచ్చింది కూడా. పెదవులు బిగిశాయి. కోడలి మెడ మీద నల్లబడిన చోట ఆవిడ చూపు ఆగింది.

"నేనూ అంతే తిన్నానే" అంది చివరికి. "మా అత్తగారు పెట్టేది. తినేదాన్ని. నాకెవరూ కొలిచి చెప్పలేదు."

లేచి, పళ్ళెం తీసుకుని, పెరటి గుమ్మం దాకా వెళ్ళి, వీధి కుక్కని పిలిచింది. అది తోక ఊపుకుంటూ వచ్చింది. అది తింటుంటే గుమ్మంలో నిలబడి, వెనక్కి తిరక్కుండానే చెప్పింది.

"రేపట్నుంచి ఒక గ్లాసు బియ్యం తగ్గించి పొయ్యండి. మా చిన్నోడికి తక్కువైతే తనే మళ్ళీ వండుకుంటాడు. చేతులున్నాయిగా."

లోపల గదిలో చిన్నకొడుకు గట్టిగా దగ్గాడు. పుల్ల నవ్వు ఆపుకోలేక చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.